మాస్కు పెట్టుకోవడం కాదు, తీసే చోటు చూసుకోవాలి

2020 వేసవిలో మా మందుల షాపు ముందు రోజూ చూసిన సంగతి ఒకటి. మనిషి మాస్కు పెట్టుకునే వస్తాడు. సున్నంతో గీసిన గుండ్రంలో బుద్ధిగా నిలబడతాడు. తన వంతు రాగానే ముందుకొచ్చి, మాస్కు గడ్డం కిందికి లాగి, "అన్నా, జ్వరం బిళ్ళలు ఒక అట్ట ఇవ్వు" అంటాడు. దగ్గు వస్తే మాస్కు పాడవుతుందని దాన్ని దించి మరీ దగ్గినవాళ్ళున్నారు. మందులు తీసుకుని, చిల్లర లెక్క చూసుకుని, మళ్ళీ మాస్కు పైకి లాక్కుని వెళ్ళిపోతాడు. ఖాళీ రోడ్డు మీద నడిచినంతసేపూ మాస్కు ఉంది. మనిషికి మనిషి ఎదురుపడ్డ ఆ రెండు నిమిషాలే లేదు.

తెలంగాణలో అప్పట్లో మాస్కు లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా. దాంతో చాలామందికి మాస్కు కూడా హెల్మెట్ లాంటిదే అయిపోయింది. సిగ్నల్ దగ్గర పోలీసు కనిపిస్తే నెత్తికెక్కుతుంది, దాటాక హ్యాండిల్‌కి వేలాడుతుంది. ఫైన్ కోసం పెట్టుకున్న మాస్కు ఫైన్ నుంచే కాపాడుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న కోవిడ్ ఇక అత్యవసర పరిస్థితి కాదని ప్రకటించింది. అయినా 2009లో స్వైన్ ఫ్లూ, 2020లో కోవిడ్, మన తరమే రెండు మహమ్మారులను చూసింది. ఇంకోటి రాదని ఎవరూ చెప్పలేరు. అందుకే ఇంట్లోంచి బయల్దేరి మళ్ళీ ఇంటికి చేరేదాకా ఏం చేయాలో వరసగా రాస్తున్నాను. కోవిడ్, ఫ్లూ లాంటి ఊపిరితో అంటుకునే జబ్బులన్నిటికీ దాదాపు ఇదే పద్ధతి.

ముందు ఒక్క విషయం బుర్రలో పెట్టుకోండి. దగ్గినప్పుడు, తుమ్మినప్పుడే కాదు, మాట్లాడినా, పాడినా, ఊరికే ఊపిరి వదిలినా నోట్లోంచి తుంపర్లు వస్తాయి. పెద్దవి దగ్గర్లోనే కింద పడిపోతాయి. మరీ సన్నవి గాల్లో తేలుతాయి. మూసిన గదిలో అగరుబత్తి వెలిగిస్తే పొగ మూలమూలకీ చేరినట్టు ఇవీ చేరతాయి. కిటికీ తెరిస్తే పొగ పలచబడుతుంది, ఇవీ అంతే. మహమ్మారి మొదట్లో అందరూ పెద్ద తుంపర్ల గురించే మాట్లాడారు. గాలి సంగతి గట్టిగా చెప్పడానికి 2021 దాకా పట్టింది. ఆలోగా మనం కూరగాయల్ని సబ్బు నీళ్ళలో నానబెట్టాం, పాల ప్యాకెట్లకి శానిటైజర్ పూశాం, కిటికీలు మాత్రం బిగించుకుని కూర్చున్నాం. నేనూ చేశాను, నవ్వను.

బయల్దేరే ముందు

జ్వరం, గొంతు నొప్పి, కొత్తగా దగ్గు ఉంటే బయల్దేరకండి. మొదటి మెట్టు ఇదే. మందులు కావాలంటే పక్కింటి కుర్రాడికి చీటీ ఇచ్చి పంపండి, లేదా షాపుకి ఫోన్ చేయండి. తప్పనిసరిగా ఆసుపత్రికి వెళ్ళాల్సి వస్తే మీ దగ్గరున్న వాటిలో మంచి మాస్కు పెట్టుకుని, అక్కడ గుమ్మం దగ్గరే విషయం చెప్పండి.

ఆరోగ్యంగా ఉండి వెళ్తున్నారా? అయితే ఒక లెక్క వేసుకోండి. ఈ తిరుగుడులో నేను మాస్కు ఎక్కడెక్కడ తీయాల్సి వస్తుంది? టీ తాగుతానా, భోజనం చేస్తానా, మందు వేసుకోవాలా? ఒక్కసారి కూడా తీయక్కర్లేకుండా పని ముగించుకుని రాగలిగితే అంతకన్నా మంచి లేదు. ఇంట్లోనే కడుపునిండా నీళ్ళు తాగి, ఏదైనా తిని బయల్దేరండి. చిన్న మాటే గానీ, పైన చెప్పిన అంత భాగోతంలో సగం దీంతోనే తప్పిపోతుంది.

సంచిలో ఇవి పెట్టుకోండి: శుభ్రమైన మాస్కు ఇంకోటి, వాడింది వేసుకోవడానికి కాగితం కవరు, చిన్న శానిటైజర్ సీసా, చేతిరుమాలు, మీ సొంత నీళ్ళ సీసా. మీ సొంత పెన్ను కూడా. బ్యాంకులో దారం కట్టిన పెన్ను ఎంతమంది చేతులు మారుతుందో ఒక్క పది నిమిషాలు నిలబడి చూడండి, మీకే తెలుస్తుంది.

ఏ మాస్కు?

షాపుకి వచ్చే ప్రతివాళ్ళూ అడిగే ప్రశ్న ఇది. మూడు రకాలు చాలు.

గుడ్డ మాస్కు. 2020 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వమే ఇంట్లో కుట్టుకున్న మాస్కులు వాడమని సలహా ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో డ్వాక్రా సంఘాల అక్కలు రాత్రింబవళ్ళు కుట్టారు, మనిషికి మూడేసి పంచాలని ప్రభుత్వం నిర్ణయించింది. మూడు అన్న లెక్క బాగుంది. ఒకటి మొహాన, ఒకటి ఉతుకులో, ఒకటి తీగ మీద. గుడ్డ మాస్కు వెలుతురుకి ఎదురుగా పట్టి చూడండి. బల్బు చక్కగా కనిపిస్తుంటే ఆ గుడ్డ పనికిరాదు. దగ్గర నేత గుడ్డ, మూడు పొరలు ఉండాలి. దగ్గర్లో ఎవరూ లేని ఆరుబయట, చిన్న చిన్న పనులకి ఇది సరిపోతుంది.

సర్జికల్ మాస్కు. మూడు పొరల్లో మధ్యది అసలు వడపోత పొర. రంగు వైపు బయటికి, తెలుపు వైపు లోపలికి, తీగ ఉన్న అంచు ముక్కు మీదికి. "జబ్బుంటే రంగు లోపలికి, లేకపోతే బయటికి" అని వాట్సాప్‌లో తిరిగిన మాట ఉత్తదే. ఇది ఒక్కసారి వాడి పారేసేది. తడిస్తే ఇంకా ముందే పారేయాలి.

ఎన్95. సన్న రేణువుల్లో కనీసం 95 శాతాన్ని ఆపాలన్నది దీని లెక్క, ఆ పేరు అందుకే వచ్చింది. కాకపోతే మొహానికి అతుక్కుని ఉంటేనే ఆ 95. రద్దీ బస్సు, ఆసుపత్రి, ఏసీ హాలు, ఇంట్లో రోగికి సేవ చేయడం, ఇలాంటి చోట్ల ఇదే పెట్టుకోండి. ముందు భాగంలో ప్లాస్టిక్ బిళ్ళలా కవాటం ఉన్నది మాత్రం కొనకండి. అది మీరు వదిలే ఊపిరిని వడకట్టకుండా బయటికి పంపేస్తుంది. అంటే మీకు జబ్బుంటే ఎదుటివాళ్ళకి రక్షణ లేదు. 2020 జులైలో కేంద్ర ఆరోగ్య శాఖ దీని మీద రాష్ట్రాలను హెచ్చరించింది కూడా. ఊపిరి హాయిగా ఆడుతుందని అప్పట్లో జనం ఏరికోరి అదే అడిగేవారు. వద్దని చెప్తే ఇంకో షాపుకి వెళ్ళి కొనుక్కునేవారు.

చీర చెంగు, చున్నీ, కండువా సంగతి. ఏదీ లేనప్పుడు నాలుగు మడతలు వేసి అడ్డం పెట్టుకోవడం నయమే. కానీ అదే చెంగుతో చేతులు తుడుస్తాం, పిల్లాడి ముక్కు తుడుస్తాం, గిన్నె దించుతాం. దాన్నే నోటికి పెట్టుకుంటే ఏం లాభం?

పెట్టుకునే పద్ధతి

చేతులు కడుక్కోండి. మాస్కుని చెవి తాళ్ళు పట్టుకునే ఎత్తండి, మధ్యలో పట్టుకోవద్దు. ముందు ముక్కు మీద ఆనించి, తాళ్ళు చెవులకి తగిలించి, మడతలు కిందికి లాగి గడ్డం కిందిదాకా తీసుకురండి. ఆ తర్వాత రెండు చూపుడు వేళ్ళతో తీగను ముక్కు దూలం మీద నుంచి బుగ్గల వైపు అదుముకుంటూ వెళ్ళండి. ఒక్క చేత్తో నొక్కితే తీగ మధ్యలో గుడిసె కప్పులా లేస్తుంది, పక్కల సందులు మిగులుతాయి.

ఇప్పుడు పరీక్ష. రెండు అరచేతులూ మాస్కు చుట్టూ ఆనించి గట్టిగా ఊపిరి వదలండి. కళ్ళ కింద గాలి తగిలిందా? తీగ మళ్ళీ నొక్కండి. బుగ్గల పక్కన తగిలిందా? మాస్కు మీకు వదులు. కళ్ళజోడు ఉన్నవాళ్ళకి పై అంచు సంగతి అద్దాలే చెప్తాయి, వాటి మీద ఆవిరి పడితే పైనుంచి గాలి పోతున్నట్టే. మాస్కు పై అంచు మీద కళ్ళజోడు కూర్చునేలా సర్దుకోండి. అప్పటికీ ఆగకపోతే చర్మానికి వాడే మెత్తటి టేపు ముక్క అంచు మీద అంటించండి.

సర్జికల్ మాస్కు బుగ్గల దగ్గర తెరుచుకుని ఉంటుందని చాలామంది గొడవ. దానికి ఒక కిటుకు ఉంది. మాస్కుని నిలువు తగ్గేలా, పై అంచు కింది అంచుని తాకేలా సగానికి మడవండి. రెండు పక్కలా చెవి తాడుకి మాస్కు అంచు దగ్గరే ఒక ముడి వేయండి. విప్పితే ముడి పక్కన చిన్న సందు కనిపిస్తుంది, ఆ అంచుని లోపలికి మడిచేయండి. అంతే, మాస్కు బుగ్గకి అతుక్కుంటుంది. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ 2021 ఫిబ్రవరిలో దీన్ని పరీక్షించి, మామూలుగా పెట్టుకున్నదానికంటే బాగా పనిచేస్తుందని చెప్పింది. సర్జికల్ మాస్కు పెట్టుకుని దాని మీద గుడ్డ మాస్కు పెట్టుకోవడం ఇంకో దారి. పైది కిందదాన్ని మొహానికి అదుముతుంది. రెండు సర్జికల్ మాస్కులు ఒకదాని మీద ఒకటి వేస్తే ఉపయోగం లేదు, సందులు అలాగే ఉంటాయి. ఎన్95 మీద ఇంకోటి వేయక్కర్లేదు.

ఎన్95 తలకి కట్టే రకమైతే పై పట్టీ నడినెత్తి మీద, కింది పట్టీ చెవుల కింద నుంచి మెడ వెనక్కి పోవాలి. జడ ఉన్నవాళ్ళు జడని పట్టీ పైనుంచి బయటికి తీసుకోండి, పట్టీ మెడకి ఆనాలి. పట్టీ జారుతోందని రెండూ ఒకేచోట వేసుకోకూడదు. ముక్కుపుడక తీగ కింద పడి నొక్కుతుంటే లోపల స్పాంజి పట్టీ ఉన్న రకం దొరుకుతుంది, అది చూసుకోండి. గడ్డం ఒత్తుగా పెంచినవాళ్ళకి ఎన్95 అతుక్కోదు. వెంట్రుకల సందుల్లోంచి గాలి పోతూనే ఉంటుంది. మహమ్మారి ఉధృతంగా ఉన్న నాలుగు నెలలు గడ్డం తీసేస్తారా, గుబురుగానే ఉంచుకుంటారా అన్నది మీ ఇష్టం.

పెట్టుకున్నాక ముందు భాగం ముట్టుకోవద్దు. మాటిమాటికీ జారి సర్దుకోవాల్సి వస్తోందంటే అది మీ మొహానికి తగిన మాస్కు కాదు. చెవి తాళ్ళు బిగించుకోండి, లేదా మార్చండి. ముక్కు బయట పెట్టి నోటికి మాత్రం కప్పుకోవడం గురించి ఏం చెప్పమంటారు? మనం ఊపిరి పీల్చేది ముక్కుతోనే కదా.

చేతులు

మాస్కు దాటి జబ్బు లోపలికి రావడానికి ఇంకో దారి మన వేళ్ళు. కోవిడ్ విషయంలో వస్తువుల మీద నుంచి అంటుకోవడం గాలితో పోలిస్తే తక్కువని తర్వాత తేలింది. అలాగని చేతులు వదిలేయమని కాదు. జలుబులు, విరేచనాలు, టైఫాయిడ్ అన్నీ చేతుల మీదుగా తిరిగేవే, పైగా మనం అన్నం తినేది చేత్తోనే.

ముందు నీళ్ళు, తర్వాత సబ్బు. అరచేతులు రెండూ రుద్దండి. చేతి వెనక వైపు, వేళ్ళ సందులు, వేళ్ళ వెనక కణుపులు, బొటనవేలిని రెండో చేత్తో పట్టి తిప్పుతూ, గోళ్ళు అరచేతిలో గీకుతూ, చివరికి మణికట్టు. రుద్దడం తక్కువలో తక్కువ 20 సెకన్లు. జనం ఎక్కువగా వదిలేసేది బొటనవేళ్ళు, గోళ్ళే. గోరింటాకు పెట్టుకున్న రోజు ఎర్రగా పండిన ఆ వేలి కొసలే సబ్బు సరిగా తగలని చోట్లని గుర్తుపెట్టుకోండి. ఉంగరం ఉంటే కదిపి కింద రుద్దండి. తర్వాత పొడిగా తుడుచుకోండి, తడి చేతికి మురికి తొందరగా అంటుతుంది.

వేడి నీళ్ళే కావాలని లేదు. ఖరీదైన సబ్బు కూడా అక్కర్లేదు. కోవిడ్, ఫ్లూ వైరస్‌ల చుట్టూ కొవ్వు పొర ఉంటుంది. జిడ్డు గిన్నెకి సబ్బు ఏం చేస్తుందో ఆ పొరకీ అదే చేస్తుంది, పొర విడిపోతే వైరస్ పని అయిపోయినట్టే. పది రూపాయల సబ్బు బిళ్ళకి కూడా ఆ పని వచ్చు.

శానిటైజర్ అనేది నీళ్ళు దొరకనప్పుడు వాడేది. సీసా మీద ఆల్కహాల్ శాతం చదవండి, 60కి తగ్గకూడదు. ఒక చుక్క వేసుకుని తీర్థంలా అరచేతిలో చూసుకుంటే కుదరదు. అరచేతి గుంట నిండా తీసుకుని, రెండు చేతులూ అంతా తడిసేలా, దానంతటది ఆరేదాకా రుద్దాలి. మధ్యలో చొక్కాకి తుడిచేయకూడదు. చేతులకి మట్టి, నూనె ఉంటే శానిటైజర్ సరిగా పనిచేయదు, అప్పుడు సబ్బే. రాసుకున్న వెంటనే పొయ్యి దగ్గరికి గానీ, దీపం వెలిగించడానికి గానీ వెళ్ళకండి, అది అంటుకునే ద్రవం.

ఇంకో మాట. 2020లో ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యం దొరక్క శానిటైజర్ తాగి పదిమందికి పైగా ప్రాణాలు పోగొట్టుకున్నారు. సీసా పిల్లలకి అందని చోట, తాగుడు అలవాటున్న మనిషి ఇంట్లో ఉంటే అతనికి కనపడని చోట పెట్టండి. నీళ్ళ సీసాలోకి, కూల్‌డ్రింక్ సీసాలోకి ఎప్పుడూ మార్చి పోయకండి.

దారిలో, బస్సులో

బస్సు కిటికీ పక్క సీటు కోసం చిన్నప్పుడు పోట్లాడుకున్నాం కదా, ఆ పోట్లాట మళ్ళీ మొదలుపెట్టండి. కిటికీ తీసి ఉంచండి. చలి గాలి అని వెనక సీటాయన విసుక్కుంటే ఒక సగమైనా తీయండి. అద్దాలు బిగించిన ఏసీ బస్సు కంటే నాలుగు వైపులా గాలి ఆడే పల్లెవెలుగు బస్సు ఈ విషయంలో మేలు. అదే పల్లెవెలుగులో ఫుట్‌బోర్డు దాకా జనం కిక్కిరిసి ఉంటే మాత్రం తర్వాతి బస్సుకి ఆగండి. ఆటో అయితే ఇద్దరు, ముగ్గురు చాలు. పక్కల పరదాలు దించితే ఆటో కూడా గదే.

ఏసీ గురించి ఒక అపోహ ఉంది. ఇళ్ళలో, చిన్న షాపుల్లో గోడకి ఉండే స్ప్లిట్ ఏసీ మామూలుగా బయటి గాలిని లోపలికి తేదు, గదిలో గాలినే చల్లబరిచి తిప్పుతుంది. చల్లగా ఉంది కాబట్టి తాజాగా ఉందని అనుకోవద్దు. అలాంటి చోట ఎక్కువసేపు కూర్చోవాల్సి వస్తే మాస్కు దించకండి, కాసేపటికోసారి తలుపు తీయించండి. కిటికీలో అమర్చిన ఎయిర్ కూలర్ బయటి గాలిని లాగుతుంది కాబట్టి దాంతో పాటు ఎదురు కిటికీ తెరిచి ఉంచితే మంచిదే.

ఫోన్ మోగితే మాస్కు దించకుండానే మాట్లాడండి. వినపడదనుకోవడం భ్రమ, కొంచెం నెమ్మదిగా మాట్లాడితే అవతలివాళ్ళకి బాగానే వినపడుతుంది. కండక్టర్ టికెట్టు ఎక్కడికని అడిగినప్పుడూ అంతే. తుమ్ము వస్తే మాస్కులోనే తుమ్మండి. మాస్కు లేని క్షణంలో వస్తే మోచేతి మడతలోకి, అరచేతిలోకి కాదు. తుమ్మి తడిసిన మాస్కు మార్చేయండి. రెండోది సంచిలో పెట్టుకోమన్నది అందుకే. రోడ్డు మీద ఉమ్మడం గురించి చెప్పాల్సి రావడమే సిగ్గుగా ఉంది, అయినా కిళ్ళీ వేసుకునే ప్రతి మనిషీ దానికోసం మాస్కు దించుతాడు కాబట్టి చెప్తున్నాను.

బజారులో

కూరగాయలవాళ్ళు ప్లాస్టిక్ కవరు విడిపోకపోతే దాంట్లోకి ఉఫ్‌మని ఊదుతారు. నోట్లు లెక్కపెట్టేవాళ్ళు నాలుక మీద వేలు తడి చేసుకుంటారు. రెండూ చేసేవాళ్ళకి చెడు ఉద్దేశం ఏమీ లేదు, చేతికి పట్టిన అలవాటు. మీరు గుడ్డ సంచి తీసుకెళ్ళండి, ఊదే పని తప్పుతుంది. ఫోన్‌లో డబ్బు పంపండి, లేదా సరిపడా చిల్లర పట్టుకెళ్ళండి. మేం మా కౌంటర్ మీద తడి స్పాంజి గిన్నె పెట్టాం, బ్యాంకుల్లో ఉంటుందే అలాంటిది. నెల రోజులు పట్టింది నాకే నాలుక వైపు వేలు పోకుండా ఉండడానికి.

కూరగాయలు మామూలు నీళ్ళతో బాగా కడిగితే చాలు. సబ్బు, శానిటైజర్, బ్లీచింగ్ తిండి మీద వాడకండి.

తినే చోట

మాస్కు ఎలాగూ తీయాల్సిందే కాబట్టి అసలు జాగ్రత్త ఇక్కడే. ఆఫీసులో ఎనిమిది గంటలు మాస్కుతో కూర్చుని, మధ్యాహ్నం పదిమందీ ఒకే చిన్న గదిలో చేరి, ఒకరి టిఫిన్ డబ్బాలో కూర ఇంకొకరు రుచి చూస్తూ అరగంట కబుర్లు చెప్పుకుంటే ఆ ఎనిమిది గంటలు నీళ్ళలో పోసినట్టే. విడివిడిగా తినండి, లేదా ఇద్దరిద్దరుగా కిటికీ పక్కన, వరండాలో, చెట్టు కింద. తినేటప్పుడు తినండి, కబుర్లు మాస్కు పెట్టుకున్నాక.

తీసే పద్ధతి కూడా ఉంది. చేతులు శుభ్రం చేసుకుని, చెవి తాళ్ళు పట్టుకుని, మొహానికి దూరంగా తీసి కాగితం కవరులో వేయండి. గడ్డం కిందికి దించకండి, అక్కడి చెమట, మెడ మురికి లోపలి వైపు అంటుతుంది. చొక్కా జేబులో, బల్ల మీద, బండి అద్దానికీ వద్దు. తిన్నాక చేయి కడిగి, తాళ్ళు పట్టుకునే మళ్ళీ పెట్టుకోండి.

టీ కొట్టు దగ్గర బయట నిలబడి తాగితే పరవాలేదు, గుంపులో కాకుండా రెండడుగులు పక్కకి జరిగి. గ్లాసు సరిగ్గా కడుగుతున్నారో లేదో చూడండి. ఒకే బకెట్టు నీళ్ళలో రోజంతా ముంచి తీసే చోట కాగితం కప్పు అడగండి.

పెళ్ళిళ్ళ సంగతి ఇంకా కష్టం. హాలంతా ఏసీ, మైకు, బాజాలు. ఆ హోరులో ఒకరి చెవి దగ్గర ఒకరు గట్టిగా అరిచి మాట్లాడుకోవాలి. గట్టిగా మాట్లాడితే తుంపర్లు ఎక్కువ. పైగా ఫోటో అనగానే అందరూ మాస్కులు తీసి, భుజం భుజం ఆనించి నిలబడతారు. వెళ్ళక తప్పకపోతే అక్షింతలు వేసి, ఫోటో మాస్కుతోనే దిగి, భోజనం ఆరుబయట షామియానాలో పెడితే మొదటి బంతిలో తినేసి వచ్చేయండి. లోపల హాల్లోనే అయితే తాంబూలం తీసుకుని ఇంటికొచ్చి తినండి. బంధువులు రెండు రోజులు ఏదో అంటారు. చావు ఇంట్లో ఇలా చెప్పలేం, అక్కడ మనిషిని మనిషి పట్టుకోకుండా ఉండడం చాలా కష్టం. వీలైతే వాకిట్లో కూర్చోండి, మాస్కు తీయకండి, పట్టుకున్నాక చేతులు కడుక్కోండి.

ఇంటికి వచ్చాక

బయటినుంచి రాగానే కాళ్ళు కడుక్కుని లోపలికి రావడం మనకి ఎప్పటినుంచో ఉన్నదే. మంచి అలవాటే, కానీ మా నాయనమ్మ ఇంట్లో కాళ్ళకి చెంబెడు నీళ్ళు, చేతులకి మిగిలిన చుక్కలు. ఈ జబ్బులకి వరస తిరగెయ్యాలి. ముందు చేతులు, తర్వాత మాస్కు తీయడం, మళ్ళీ చేతులు, ఆ తర్వాత మొహం, కాళ్ళు. వాకిట్లో కుళాయి లేకపోతే ఒక బకెట్టు, మగ్గు, సబ్బు పెట్టుకోండి. ఫోన్ ఒకసారి తుడవండి. చేతులు కడిగి వెంటనే పట్టుకునేది అదే.

గుడ్డ మాస్కు రోజూ ఉతకాలి. మామూలు సబ్బుపొడి, బాగా జాడించడం, ఎండలో ఆరేయడం. తడి ఆరకుండా పెట్టుకోకండి, ఊపిరాడదు, వడపోతా ఉండదు. సర్జికల్, ఎన్95 మాత్రం ఉతకకూడదు. వాటి వడపోత పొరలో రేణువుల్ని లాగి పట్టుకునే విద్యుదావేశం ఉంటుంది. సబ్బు, శానిటైజర్ తగిలితే అది పోతుంది. చూడ్డానికి తళతళలాడుతుంది, లోపల పని అయిపోయి ఉంటుంది. శానిటైజర్ స్ప్రే కొట్టిన ఎన్95 నెలంతా వాడానని గర్వంగా చెప్పినవాళ్ళని చూశాను.

ఎన్95 ఖరీదు కాబట్టి తిప్పి తిప్పి వాడే దారి ఒకటుంది. అయిదారు కాగితం కవర్ల మీద వారాల పేర్లు రాయండి. సోమవారం వాడింది సోమవారం కవర్లో వేసి గాలి తగిలే చోట ఉంచండి, మళ్ళీ వచ్చే సోమవారమే తీయండి. ప్లాస్టిక్ కవరులో వద్దు, తడి నిలిచిపోతుంది. మొత్తం అయిదు సార్లు పెట్టుకున్నాక, లేదా పట్టీ సాగినా, మురికైనా, వంకరపోయినా పారేయండి.

పారేసేటప్పుడు తాళ్ళు, మాస్కు కత్తిరించండి. ఎవరో ఏరి ఉతికి మళ్ళీ అమ్మకుండా ఉండడానికిది. కత్తిరించినదాన్ని కాగితం సంచిలో మూడు రోజులు పక్కన ఉంచి, తర్వాత పొడి చెత్తలో వేయమని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి చెప్పింది. ఇంట్లో రోగి ఉంటే ఆ మాస్కులు విడిగా కట్టి, చెత్త బండి మనిషికి చెప్పి ఇవ్వండి. ఆయన చాలాసార్లు చేతికి తొడుగు లేకుండానే ఏరుతుంటాడు.

పిల్లలు, ఊపిరి ఇబ్బంది ఉన్నవాళ్ళు

అయిదేళ్ళు, అంతకంటే చిన్న పిల్లలకి మాస్కు పెట్టవద్దన్నది కేంద్ర ఆరోగ్య శాఖ సలహా. ఆరు నుంచి పదకొండు వరకు పెద్దవాళ్ళు దగ్గర ఉండి చూసుకుంటూ, పిల్లలు సరిగ్గా పెట్టుకోగలిగితేనే. పెద్దవాళ్ళ మాస్కు పిల్లలకి ముడి వేసి పెడితే కళ్ళ మీదికి వస్తుంది, వాళ్ళ సైజుది కొనండి. ఆడుకుంటూ పరిగెత్తేటప్పుడు తీసేయనివ్వండి. నిద్రపోయేవాళ్ళకి, సొంతంగా తీసుకోలేని మంచం మీది రోగికి పెట్టకూడదు. ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవాళ్ళు తమ డాక్టర్ని అడగండి. పెదాలు చూసి మాట అర్థం చేసుకునే చెవిటివాళ్ళతో మాట్లాడాల్సి వస్తే ఆరుబయట దూరంగా నిలబడి, మాస్కు తీసి, నెమ్మదిగా మాట్లాడండి. లేదా కాగితం మీద రాయండి.

ఎదుటివాళ్ళకి చెప్పడం

మీ మాస్కు మీరు సరిగ్గానే పెట్టుకున్నారు. పక్క సీట్లో పెద్దాయన ముక్కు బయట పెట్టుకున్నాడు. ఏం చేస్తారు? "మాస్కు సరిగ్గా పెట్టుకోండి" అంటే ఎవరికైనా మండుతుంది, అందులోనూ నలుగురిలో. "మీకే మంచిది బాబాయ్" అంటే "నాకేం కాదులే" అన్నది ఠపీమని వచ్చే జవాబు. మా షాపులో ఆరు నెలల పాటు రకరకాలుగా చెప్పి చూశాం. గోడకి బోర్డు పెట్టాం, ఎవరూ చదవలేదు. మా తమ్ముడు కసిరితే ఇద్దరు ఖాతాదారులు పోయారు. చివరికి పనిచేసింది మా అమ్మ చెప్పిన మాట. కౌంటర్ వెనక కుర్చీలో ఆవిడ కూర్చుని ఉండేది, షుగరు మనిషి. ఎవరు మాస్కు దించినా ముందు వాళ్ళ మాట పూర్తిగా విని, తర్వాత మెల్లగా, "నాయనా, నాకు డెబ్బై దాటాయి, కాస్త పైకి లాక్కుని చెప్పు" అనేది. అందరూ లాక్కునేవారు, కొందరు "క్షమించమ్మా" అని కూడా అనేవారు. మీ ఇంట్లో అలాంటి పెద్దావిడ ఉంటే ఆవిడ పేరు చెప్పండి. లేకపోతే మీరు రెండడుగులు వెనక్కి జరిగి, కిటికీ తీయండి.